బాత్రూమ్‌లో మాట ఆగకూడదు

"ఏమండీ! లోపల ఏమయింది? మాట్లాడరేం?"

ఆ అమ్మాయి రెండు చేతులతో బాత్రూమ్ తలుపు బాదుతోంది. అప్పటిదాకా టకటకమన్న సుత్తి చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. దాంతోపాటే తన గుండె కూడా ఆగినట్టయింది ఆమెకి.

తలుపు తెరుచుకుంది. జుట్టు నుంచి కనురెప్పల దాకా తెల్లటి దుమ్ము పట్టిన టైల్స్ మేస్త్రీ, ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో ఉలితో నిలబడ్డాడు. పాతికేళ్ళవాడు. దుమ్ములో మాత్రం అరవై ఏళ్ళవాడిలా ఉన్నాడు.

"ఏమైందండీ? ఇల్లు గానీ అంటుకుందా?" అన్నాడు బెదిరిపోయి.

"ఎందుకు ఆపారు?"

"ఏది?"

"చప్పుడు!"

"చెమట తుడుచుకుంటున్నానండీ."

"తుడుచుకుంటూ మాట్లాడొచ్చుగా?"

అతను వెనక్కి తిరిగి చూశాడు. లోపల సగం పగిలిన టైల్స్, ఒక బకెట్ తప్ప ఎవరూ లేరు.

"ఎవరితోనండీ?"

వంటింట్లోంచి అమ్మ కేక వినిపించింది. "పడ్డాడా? ఏమే, ఆ అబ్బాయి పడ్డాడా?"

"లేదమ్మా, నిలబడే ఉన్నాడు!"

మేస్త్రీ ఆ అమ్మాయి ముఖం వైపు, వంటింటి వైపు మార్చి మార్చి చూశాడు. ఇలాంటి ఇంట్లో పని ఒప్పుకున్నానేంటా అన్న అనుమానం అతని కళ్ళలో స్పష్టంగా కనిపించింది.

ఆ ఇంటికి ఇంకా కొత్త రంగు వాసన పోలేదు. నాన్న బస్సు డ్రైవరుగా రిటైరై కట్టించుకున్న ఇల్లు అది. తండ్రి డ్రైవర్ కాబట్టి, ఇంట్లో అందరి మీదా కేకలేసే కూతురికి చిన్నప్పుడే కండక్టర్ అని పేరు పడింది. ఇప్పుడు ఆమె కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తోంది. అక్కడ ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడదు. ఆ బాకీ అంతా ఇంట్లో తీర్చుకుంటుంది.

బాత్రూమ్ టైల్స్ నాన్నే ఏరి తెచ్చాడు. అద్దంలా ఉండాలి, కిందకి చూస్తే ముఖం కనబడాలి అన్నాడు. ఇల్లు కట్టినవాడు వాటిని ఒకదానికొకటి ఆనించి పరిచేసి, సందుల్లో వైట్ సిమెంట్ పల్చగా పూసి, చేతులు దులుపుకుని పోయాడు. కొన్నాళ్ళకే ఆ పూత పొడిపొడిగా రాలిపోయింది. నీళ్ళు మూలన తూము మీది జాలీ వైపు పోకుండా తలుపు వైపు రావడం మొదలుపెట్టాయి. కుళాయి దగ్గరి టైల్ అడుగున నీళ్ళు చేరి, ఊడబోయే పన్నులా కదిలేది. చూద్దాంలే, చేయిద్దాంలే అనుకుంటూ ఉండగానే ఒక ఉదయం నాన్న దాని మీద కాలు వేశాడు.

కుళాయి ధారగా పడుతోంది. ఆయన ఎంత పిలిచినా ఆ హోరులో ఎవరికీ వినపడలేదు. స్నానం చేస్తున్నారులే అనుకుంది అమ్మ. షాపుకి టైమవుతోందని విసుక్కుంటూ కూతురు తలుపు కొట్టేసరికి, ఆయన చల్లటి నేల మీద చాలాసేపటి నుంచి పడి ఉన్నాడు.

తుంటి ఎముకకి ఆపరేషన్ అయింది. కర్ర సాయంతో నడుస్తున్నాడు. కానీ ఆ గదిలోకి మాత్రం వెళ్ళడం లేదు. ఉద్యోగమంతా ఒక్క యాక్సిడెంట్ కూడా చేయని మనిషి, బాత్రూమ్ తలుపు తెరిస్తే చాలు, వెనక్కి తిరిగిపోతున్నాడు. పెరట్లో తెర కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి అమ్మ స్నానం చేయిస్తోంది. ఆయన తల దించుకుని చేయించుకుంటున్నాడు.

అప్పటి నుంచీ ఆ ఇంట్లో ఒక రూలు. ఎవరు ఏ గదిలో తలుపు వేసుకున్నా మాట్లాడుతూనే ఉండాలి. మాట ఆగితే మిగిలినవాళ్ళు పరిగెత్తుకొస్తారు.

ఇదంతా విని మేస్త్రీ తల గోక్కున్నాడు. కాస్త దుమ్ము రాలింది.

"తలుపు తీసి పని చేసుకుంటానండీ. కనబడుతూనే ఉంటాను."

"దుమ్ముకి నాన్నకి దగ్గొస్తుంది. కుట్లు లాగేస్తాయి. తలుపు వేసే ఉండాలి. మీరు మాట్లాడుతూనే ఉండాలి."

"నాకు మాటలు రావండీ. అంటే వచ్చు. ఎక్కువ రావు. మా ఇంట్లో నన్ను మొద్దు అంటారు."

"అయితే నేర్చుకోండి" అని, పని అయ్యేదాకా షాపులో సగం పూట సెలవు అడిగి వచ్చిన ఆమె బయట స్టూలు వేసుకుని కూర్చుంది.

తలుపు మూసుకుంది. కాసేపు సుత్తి మోగింది. ఆగింది. ఆమె లేవబోయింది.

లోపల నుంచి ఒక గొంతు చిన్నపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. "ఈ బస్తాను... తడి లేని చోట... నిల్వ చేయవలెను. పిల్లలకు దూరంగా... ఉంచవలెను. కళ్ళలో పడినచో..."

"ఏంటండీ అది?"

"సిమెంట్ బస్తా మీద రాసి ఉందండీ. చదువుతున్నాను."

ఆమెకి నవ్వు వచ్చింది. ఆ తలుపు ముందు ఆమె నవ్వడం, నాన్న పడిన తర్వాత అదే మొదటిసారి.

బస్తా మీది రాత అయిపోయింది. మర్నాడు టైల్స్ పెట్టె మీది రాత కూడా అయిపోయింది. ఇక గతిలేక అతను తన సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళమ్మ మిషన్ కుడుతుందని, పెళ్ళయి వెళ్ళిన అక్క రోజూ ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతుందని, తనకి ఎత్తంటే భయమని, అందుకే గోడకి పైవరస టైల్స్ వేసేటప్పుడు కిందకి చూడనని. చెప్పినకొద్దీ మాటలు ఊరాయి.

"కండక్టరూ, ఇవాళ రేడియో తొందరగానే మొదలైందే" అనేవాడు హాల్లోంచి నాన్న. మేస్త్రీకి ఆ పేరే స్థిరపడిపోయింది.

నాన్న హాల్లో గోడ నుంచి గోడకి నడక ప్రాక్టీసు చేసేవాడు. ఒక్కో అడుగుకీ తన పాత రూటులో ఒక్కో స్టాపు పేరు చెప్పుకునేవాడు. "పెద్ద మార్కెట్... ఆస్పత్రి... రైలు గేటు... బట్టల మిల్లు... స్టేడియం... డిపో." బాత్రూమ్ ముందుకి వచ్చేసరికి మాత్రం ఆ బస్సు ఇంకో దారి పట్టేది.

ఒకరోజు టైల్ పెంకు ఎగిరి అతని కనుబొమ మీద గీరుకుపోయింది. మర్నాడు కండక్టర్ షాపు నుంచి పెద్ద కళ్ళజోడొకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఇది పెట్టుకోండి. కన్ను పోతే మళ్ళీ రాదు."

అతను పెట్టుకుని చూశాడు. "ఎలా ఉన్నానండీ?"

"కప్పలా ఉన్నారు."

"కన్ను మాత్రం భద్రం కదండీ" అన్నాడు అతను. ఆ రోజు పని అయిపోయాక కూడా దాన్ని తీయకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు.

పాత నేలంతా లేచిపోయింది. అతను నీళ్ళు జాలీ వైపు పోయేలా కొత్తగా వాలు పెట్టి, నీళ్ళు దిగకుండా పూత పూసి, గరుకుగా ఉండే చిన్న టైల్స్ సందులు వదిలి పరిచాడు. చివరికి ఆ సందుల్లో గ్రౌట్ అనే సిమెంట్ ముద్ద నింపడం ఒక్కటే మిగిలింది.

ఆ సాయంత్రం వాన మొదలైంది. కిటికీ రేకు మీద చినుకులు టపటపమంటున్నాయి. లోపల స్పాంజి రాస్తున్న మెత్తటి చప్పుడు.

"ఇవాల్టితో అయిపోతుందండీ" అంది లోపలి గొంతు.

"ఊఁ."

"మీ ఇంట్లో ఇంకో బాత్రూమ్ ఉంటే బాగుండేది."

"ఎందుకు?"

"అదీ పాడైపోయి ఉండేది కదండీ."

ఆమె స్టూలు తలుపుకి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది.

"నాకు మాటలు రావని చెప్పాను కదా. మీరు బయట కూర్చుంటేనే వస్తున్నాయి. ఇంటికెళ్తే మళ్ళీ మొద్దునే. అందుకని... ఎప్పటికీ మీరు వింటూ ఉంటే బాగుంటుందని... అదండీ."

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక్క క్షణం. ఇంకో క్షణం. తలుపు ధడేలున తెరుచుకుంది. చేతినిండా గ్రౌట్‌తో, కప్ప కళ్ళజోడుతో అతను బయటికి దూకాడు.

"ఏమైందండీ? మాట ఆపేశారేం? నాకు భయమేసింది!"

ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి. వాటిని అతను కోపం అనుకున్నాడు. అతని ముఖం పాలిపోయింది.

"తప్పుగా అన్నానా?"

"లేదు" అంది ఆమె, హాలు వైపు చూస్తూ గొంతు తగ్గించి. "నాకూ వినాలనే ఉంది. కానీ నేను వెళ్ళిపోతే ఈ తలుపు దగ్గర ఎవరు కూర్చుంటారు? అమ్మకి చెవులు అంతంతమాత్రం. ఆ రోజు ఆయన పిలిచారు. నేను పక్క గదిలో తల దువ్వుకుంటున్నాను. వినపడలేదు. నాన్న తనంతట తాను ఈ గదిలోకి వెళ్ళి, క్షేమంగా బయటికి వచ్చేదాకా నేను ఇంకేమీ ఆలోచించలేను."

అతను కళ్ళజోడు తీసేశాడు. వెనక్కి తిరిగి తాను పరిచిన నేల వైపు చూశాడు. ఇప్పటిదాకా అది అతనికి పని. ఇప్పుడు అతనికీ భయం పుట్టింది.

"గ్రౌట్ గట్టిపడేదాకా ఎవరూ తడపకండి. ఎండాక వస్తాను" అని మాత్రం అన్నాడు.

గ్రౌట్ ఎండింది. అయినా నాన్న రోజుకో సాకు వెతికాడు. ఇంకా పచ్చిగా ఉన్నట్టుంది అన్నాడు. వాన పట్టింది, ఎండ రానీ అన్నాడు. ఎండ వస్తే, ఇవాళ కాలు లాగుతోంది అన్నాడు. డాక్టరు మాత్రం, భయపడి కదలకపోతే కాలు బిగుసుకుపోతుందని చెప్పాడు.

చెప్పినట్టే మేస్త్రీ వచ్చాడు. చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, బకెట్‌లో సబ్బు నురగ చేసి నేలంతా ఒంపేశాడు.

"అయ్యో, ఏం చేస్తున్నారు?" అంది ఆమె.

"సార్, మీరు అక్కడి నుంచే చూడండి" అన్నాడు అతను నాన్నతో. నురగలో అడుగు పెట్టాడు. నడిచాడు. మూల దాకా వెళ్ళి తిరిగాడు. గబగబా నడిచాడు. ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి అతను ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు.

"చాలు, చాలు! దిగండి!" అని అరిచింది.

"నేల మీదే ఉన్నానండీ, ఎక్కడికి దిగాలి?"

నాన్న నవ్వలేదు. నురగ నీళ్ళు జాలీ వైపు పోవడం చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"నీళ్ళు తోడండి. నేను వెళ్తాను."

"నేనూ వస్తానండీ" అంది అమ్మ.

"వద్దు. గడియ కూడా పెట్టుకుంటాను."

"ఏవండీ!"

"చాలు. పెరట్లో ఇన్నాళ్ళు కూర్చున్నాను." "మాట్లాడుతూనే ఉంటాలే."

నురగంతా కడిగేశాక ఆయన లోపలికి వెళ్ళాడు. గడియ పడిన చప్పుడుకి అమ్మ గోడకి ఆనుకుంది. ముగ్గురూ తలుపు ముందు నిలబడ్డారు.

"పెద్ద మార్కెట్" అంది లోపలి నుంచి నాన్న గొంతు. చెంబుడు నీళ్ళు పడ్డాయి.

కండక్టర్ ఊపిరి వదిలింది.

"ఆస్పత్రి." కర్ర టక్కుమంది. మళ్ళీ నీళ్ళు.

"రైలు గేటు."

ఆ తర్వాత ఏమీ లేదు.

నీళ్ళ చప్పుడు లేదు. కర్ర చప్పుడు లేదు. బట్టల మిల్లు రావాలి. రాలేదు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కూతురికి ఆ ఉదయం, ఆ చల్లటి నేల, ఆ తడిసిన తల కళ్ళముందు కదిలాయి. నాన్నా అని పిలవాలనుకుంది. బదులు రాకపోతేనో అని ఆగింది. చేతికి ఏదో దొరికింది. గట్టిగా పట్టుకుంది. అది మేస్త్రీ చేయి. ఆ చేయి కూడా చల్లగా ఉంది. అతను రెండో భుజం తలుపుకి ఆనించి, విరగ్గొట్టడానికి ఊపిరి బిగించాడు.

"గేటు పడింది" అన్నాడు లోపలి నుంచి నాన్న తాపీగా. "రైలు పోనివ్వండి. సబ్బు రుద్దుకుంటున్నాను."

అమ్మ అక్కడే నేల మీద కూలబడి, ఏడుస్తూ తిట్టడం మొదలుపెట్టింది. "ఈయన రైలు పాడుగానూ! నా గుండె జారిపోయింది కదే!"

"బట్టల మిల్లు!" అంది లోపలి గొంతు హుషారుగా. "స్టేడియం!"

గడియ తీసిన చప్పుడయింది. తడి తలతో, కర్రతో, నాన్న గడప దాటి బయటికి వచ్చాడు.

"డిపో" అన్నాడు.

ఏడుస్తున్న భార్యని చూసి నవ్వాడు. తర్వాత ఆయన చూపు కూతురి చేతి మీద పడింది. అది ఇంకా మేస్త్రీ చేతిని వదల్లేదు. ఆమె లాక్కోబోయి, ఆగిపోయింది.

"కండక్టరూ, ఈ ప్యాసింజరు ఎక్కడ దిగుతాడు?"

ఆమె తల ఎత్తింది. "దిగడు నాన్నా."

నాన్న మేస్త్రీ వైపు తిరిగాడు. "ఏమయ్యా, నువ్వేమంటావు?"

అతని పెదాలు కదిలాయి. ఒక్క మాటా బయటికి రాలేదు. తలొక్కటే గబగబా ఊపాడు.

"అయ్యో, రేడియో పోయిందే" అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

నాన్న కర్ర ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చేయి అతని భుజం మీద వేశాడు. కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. మాట ఆగిందని ఎవరూ ఉలిక్కిపడలేదు కూడా. తెరిచి ఉన్న తలుపులోంచి, నేల మీద మిగిలిన నీళ్ళు మెల్లగా జాలీలోకి దిగుతున్న చప్పుడు వినిపించింది.