చేతులు చాపమ్మా

పొద్దున్నే పాలు పొంగే వేళకి కుట్టుగదిలోంచి మామగారి గొంతు వినిపించింది.

“చేతులు చాపమ్మా. కదలకు.”

వెనకే ఆ పొడిదగ్గు. కొన్నాళ్ళుగా రోజూ వింటున్నదే అయినా, కోడలి చేతిలోంచి గరిటె జారిపడింది. మామగారు పోయి నెలలు గడిచాయి.

గదిలో ఉన్నది గువ్వ ఒక్కతే. ఆటిజం ఉన్న ఏడేళ్ళ పిల్ల. సొంతంగా మాట కూర్చి చెప్పడం రాదు గానీ, విన్నది మాత్రం గొంతుతో సహా దించేస్తుంది. కుట్టుమిషను దగ్గర, తాతయ్య ఖాళీ కుర్చీకి ఎదురుగా రెండు చేతులూ చాపి నిలబడింది. కిటికీ మూసే ఉన్నా, మేకుకి తగిలించిన కొలత టేపు మెల్లగా ఊగుతోంది. పిల్ల తాకిందో ఏమో, చూడగానే కోడలికి ఒళ్ళు జలదరించింది.

నాయనమ్మకి మాత్రం భయం లేదు. గుమ్మంలో చతికిలబడి, “ఏమండీ, వచ్చారా? నాతో ఏమైనా చెప్పాలా?” అని మనవరాలి ముఖంలోకి చూస్తూ అడుగుతోంది. ఆయన బతికుండగా ఏనాడూ అంత మెత్తగా పలకరించి ఎరగదు.

గువ్వ తండ్రి గడ్డం మీద సబ్బు నురగతోనే పరుగెత్తుకొచ్చాడు. “అమ్మా, ఇంక ఆపు! పిల్లని దయ్యాన్ని చేసేస్తున్నావు. ఇవాళే మిషను తీసేసి గదికి తాళం వేస్తాను.”

“వేసెయ్. మీ నాన్నని రెండోసారి సాగనంపు!”

“మరి నా కూతురో? నేను ముట్టుకుంటే తోసేస్తుంది. పోయిన మనిషితో మాత్రం మాట్లాడుతుంది. నేను దానికేమీ కానా?”

“చేతులు చాపమ్మా,” అంది గువ్వ మళ్ళీ. ఈసారి తాతయ్య గొంతులో ఏడుపు జీర కలిసింది. చాపిన చేతులు దించలేదు.

కోడలు భర్త మోచెయ్యి పట్టుకుంది. “ఉండండి. ఏ మాటైనా పదేపదే అంటుంటే, అది ఎప్పుడు విందో గుర్తు చేసుకోమని థెరపిస్టు చెప్పలేదూ? గౌను కొలత తీసేటప్పుడు మామయ్యగారు ఏం చేసేవారు?”

“ముందు చెప్పేవారు. తర్వాత టేపుతో పాటు చేతులూ చుట్టేసి గట్టిగా పట్టుకునేవారు. ఇది కిక్కురుమనేది కాదు.”

“మనమేమో చెప్పాపెట్టకుండా వెనకనుంచి వెళ్ళి నిమురుతాం. అది ఉలిక్కిపడి తోసేస్తుంది. తనని పట్టుకోమని అడుగుతోందండీ! అడగడానికి దానికున్న మాటలు అవే.”

అతను కూతురికి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “చేతులు చాపమ్మా. కదలకు,” అన్నాడు తడబడుతూ. రెండు చేతులతో గట్టిగా చుట్టాడు. ఇదిగో తోసేస్తుంది అనుకున్నాడు. తోయలేదు. బరువంతా అతని మీద వేసి వాలిపోయింది. అతను పసివాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

నాయనమ్మ కుర్చీ వంక చూసింది. ఇన్నాళ్ళూ ఆవిడకి అది ఖాళీగా కనిపించనే లేదు.

“అయితే ఆయన రాలేదన్నమాట,” అంది.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, దేకుతూ మనవరాలికి కనపడేంత దగ్గరికి వచ్చింది.

“రోజూ నువ్వు పిలుస్తుంటే, నేను ఆయనకి పలుకుతూ కూర్చున్నానటే, తల్లీ!”