ఎవరి వేళ్లతో బెత్తెడు?

"ఈ మంచం ఎవురికప్పా? ఏనుక్కా?"

అరచేతిలో ఇమిడిపోయే మంచాన్ని పైకెత్తి చూపిస్తూ మునీశ్వరి అడిగిన మాట అది.

యువరాజ్ ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. పుంగనూరు నుంచి మదనపల్లె దాకా బస్సులో నిలబడి, టిఫిన్ డబ్బాను గుండెకు అదుముకుని వచ్చాడు. డబ్బాలో ఉన్నది ఇడ్లీలు కాదు, ఒక ఇంటి సామానంతా. మంచం, బీరువా, రెండు కుర్చీలు, ఒక బల్ల. అన్నీ అసలు టేకు.

"నువ్వు చెప్పిన కొలతే కదమ్మా. బెత్తెడు పొడుగు, రెండున్నర వేళ్ల వెడల్పు. ఫోన్లో రెండుసార్లు చెప్పినావు, నేను రెండుసార్లు రాసుకున్నా."

"చెప్పినా. అయితే వాకిట్లో పట్టల్ల గదా? ఇట్లా సూడు."

కుట్టుమిషన్ పక్కన స్టూలు మీద బొమ్మరిల్లు ఉంది. జానెడున్నర ఎత్తు, ఎర్రరంగు కప్పు, రెండు కిటికీలు, ఒక వాకిలి. కుప్పంలో కొత్తగా నర్సరీ స్కూలు పెడుతున్న అంబిక మేడమ్ దాన్ని బెంగళూరులో ముచ్చటపడి కొనుక్కుంది. ఎవరు చేశారో గాని గోడల్నీ కప్పునీ బంక వేసి గట్టిగా బిగించేశారు. ఏ సామానైనా మనుషుల ఇంటికి మల్లే వాకిట్లోంచే లోపలికి పోవాలి.

లోపల సర్దమని దాన్ని మునీశ్వరికి అప్పజెప్పింది. అది నచ్చితే స్కూలు యూనిఫారాలన్నీ ఆమెకే ఇస్తానని మేడమ్ మాటిచ్చింది. యూనిఫారాలు వస్తే వసారాలో ఉన్న మిషన్ బజారులో కొట్టుకు మారుతుంది, కొట్టు మీద ఆమె పేరుతో బోర్డు వెలుస్తుంది. ఆ బోర్డు కట్టేదాకా పెళ్లి మాట ఎత్తొద్దని అమ్మ ఈశ్వరమ్మకు రెండేళ్లుగా చెబుతోంది. స్కూలు తెరిచేది విజయదశమికి. ఇంకా నాలుగు రోజులే ఉంది, మంచమేమో గడపలోనే అడ్డం పడింది.

"పుంగనూరు ఆవులు ఎంత పొట్టిగా, ముద్దుగా ఉంటాయి! పుంగనూరు మంచాలేమప్పా ఇట్లుండాయి?"

"మంచంలో తప్పు లేదు. వాకిలే ఇరుకు."

"వాకిలి సరిగ్గా మూడు వేళ్లు. నేనే పెట్టి సూసినా." మునీశ్వరి మూడు వేళ్లు వాకిట్లో పెట్టింది. కొలిచి కోసినట్టు పట్టాయి.

యువరాజ్ తన వేళ్లు పెట్టాడు. రెండు పోయాయి. మూడోది బయటే ఉండిపోయింది.

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు చూసుకున్నారు. వసారా మూలలో వేరుశనక్కాయలు ఒలుస్తున్న ఈశ్వరమ్మ తలెత్తకుండానే అడిగింది.

"ఎవురి వేళ్లతో బెత్తెడని మీ ఇద్దుర్లో ఒకరన్నా అడిగినారా?"

అడగలేదు. మేడమ్ ఇంట్లో చేతికి టేపు అందక మునీశ్వరి వేళ్లతో కొలిచింది, ఎస్టీడీ బూతులో నిలబడి అదే కొలత ఒప్పజెప్పింది. అవతల అతను తన వేళ్లు చూసుకుని చెక్క కోశాడు. ఇద్దరికీ తమ వేళ్ల మీద అంత నమ్మకం.

"మెడలో టేపు ఏలాడతాండాది. దాంతో కొలిసి చెప్పుండొచ్చు గదా?" అన్నాడు యువరాజ్.

"వడ్రంగివి, నీ కాడ టేపు లేదా? అంగుళాల్లో ఎంతని అడిగుండొచ్చు గదా?"

"నా వేళ్లు ఎప్పుడూ తప్పవు."

"నా వేళ్లు తప్పినాయా మరి?"

యువరాజ్‌కు నవ్వొచ్చింది. కోపంలో కూడా ఈ అమ్మాయి మంచాన్ని కింద పడేయలేదు, పిచ్చుకపిల్లను పట్టుకున్నట్టు పట్టుకునే ఉంది. అది అతను చూశాడు.

"మూడు దినాల్లో అన్నీ మళ్లీ చేసిస్తా," అన్నాడు.

మునీశ్వరి మెడలోంచి టేపు తీసి చాచింది. అతను తీసుకోలేదు.

"టేపొద్దు. ఆర్డరు నీ వేళ్లతో ఇచ్చినావు, నీ వేళ్లతోనే చేస్తా. కాగితం ఉంటే ఇయ్యి. చెయ్యి పెట్టు."

టేపు ఉండగా చెయ్యి ఎందుకని ఆమె అడగొచ్చు. అడగలేదు. బ్లౌజులు కత్తిరించే గోధుమరంగు కాగితం బల్ల మీద పరిచి ఎడమచెయ్యి పెట్టింది. బయట వాన మొదలైంది. యువరాజ్ చెవి మీది పెన్సిల్ తీసి, చిటికెన వేలి దగ్గర మొదలుపెట్టి మెల్లగా గీసుకుంటూ వచ్చాడు. పెన్సిల్ వేళ్ల సందుల్లోకి దిగినప్పుడల్లా ఆమెకు చక్కిలిగింత.

"నవ్వొద్దు. మంచం వంకరొస్తాది."

"నువ్వు తొందరగా గీస్తే నాకు నవ్వు రాదు."

"తొందరపడితే కొలత తప్పుతాది."

"పెన్సిలు మందం తీసెయ్యప్పా," అంది ఈశ్వరమ్మ మూలలోంచి. "గీత వేలికి బయట పడతాది. లేకుంటే మళ్లీ పెద్దదైతాది."

"వడ్రంగికి అది తెలీదామ్మా?" అన్నాడు యువరాజ్ ధీమాగా. కాగితాన్ని మడవకుండా, చుట్టలా చుట్టి చొక్కా లోపల పెట్టుకుని వానలోనే వెళ్లిపోయాడు.

ఆ మూడు రోజులూ మునీశ్వరి మిషన్ ముట్టలేదు, అంతా చేతికుట్టే. పట్టు ముక్కతో పరుపు, రవిక అంచుతో కర్టెన్లు, చింతగింజంత దిండ్లు. ఒక దిండు ఉబ్బెత్తుగా వచ్చిందని విప్పి మళ్లీ కుట్టింది. ఎవరి తల పెట్టుకుంటారని అంత పట్టుదలో ఆమెకే తెలియదు.

పండగ ముందురోజు మునీశ్వరి ఎక్కిన కుప్పం బస్సు పుంగనూరు బస్టాండులో ఆగింది. టిఫిన్ డబ్బాతో యువరాజ్ ఎక్కాడు.

"కండక్టరు చేతికిచ్చి పంపమన్నా గదా? నువ్వు యాల వచ్చినావు?"

"కండక్టరుకు బీరువా తలుపు బిగించేది వస్తాదా?"

మునీశ్వరి పక్క సీట్లో ఉన్న బొమ్మరిల్లు సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. మదనపల్లెలో ఎక్కింది మొదలు ఆ సీటు అడిగిన ముగ్గురికి మనిషి వస్తాండారని చెప్పింది. ఆ సంగతి యువరాజ్‌కు వెనక సీటు ముసలమ్మ పలమనేరు రాకముందే చెప్పేసింది. వాన జల్లు కిటికీలోంచి కొడుతున్నా ఇద్దరిలో ఎవరూ సీటు మారలేదు.

కుప్పంలో అంబిక మేడమ్ ముందు ఇల్లు సర్దడం మొదలైంది. మంచం వాకిట్లోంచి సర్రున లోపలికి పోయింది. మునీశ్వరి పట్టకారుతో పరుపు వేసి, దబ్బనంతో దిండ్లు తోసింది. బీరువా తలుపు తెరుచుకుంది. కుర్చీలు ఊగకుండా నిలబడ్డాయి.

డబ్బాలో ఇంకా ఏవో మిగిలాయి. గోరంత ఆవు ఒకటి. చక్రం తిరిగే కుట్టుమిషన్ ఒకటి. బుల్లి స్టూళ్లు రెండు.

"ఇవి లిస్టులో లేవే?"

"పుంగనూరోళ్లు చిన్నవి గూడా చేస్తారని తెలియల్ల గదా. అందుకే ఆవు."

మేడమ్ నేల మీద బోర్లా పడుకుని కిటికీలోంచి చూసింది. అంత పెద్దావిడ చాలాసేపు లేవలేదు. లేచాక చీర దులుపుకుంటూ అంది.

"యూనిఫారం కొలతలకు ఎప్పుడొస్తావమ్మా మునీశ్వరీ? ఈసారి టేపు తెచ్చుకో."

మునీశ్వరికి కళ్లు నిండాయి. బోర్డు వచ్చేసినట్టే. వరండాలోకి వచ్చి యువరాజ్ ముందు నిలబడింది.

"మిషన్ కాడ కుట్టేది ఒక మనిషి. రెండో స్టూలు యాల?"

"పక్కన కూర్చోని మాట్లాడేదానికి."

"ఎవురు?"

"వడ్రంగి," అన్నాడు యువరాజ్. తర్వాత తడుముకోకుండా చెప్పేశాడు. "నువ్వంటే నాకు ఇష్టం మునీశ్వరీ. ఆ కాగితం చూసినప్పుడల్లా ఇంకా ఇష్టమైతాండాది."

"బోర్డు కట్టినాక మీ అమ్మను పిల్చుకోని రా."

"బోర్డు ఎవురు చేస్తారు?"

"నువ్వే. కొలత అంగుళాల్లో ఇస్తా."

కార్తీకంలో బోర్డు కట్టారు. ఒక్క మేకు కూడా వంకర పోలేదు. మరుసటి వారమే యువరాజ్ తల్లి కుప్పమ్మ తాంబూలాలు మార్చుకోవడానికి బంధువులతో దిగింది. ఆకులు, వక్కలు, పూలు, చిన్న డబ్బాలో ఉంగరం.

యువరాజ్ తొడిగాడు. ఉంగరం వేలి మీద గిర్రున తిరిగింది. చెయ్యి కిందికి దించితే జారి పడేలా ఉంది.

"ఎవురి కొలతరా ఇది?" అంది కుప్పమ్మ.

"ఆ పిల్లదేమ్మా. కాగితం తీసుకుపోయి కంసాలికి ఇచ్చినా."

ఈశ్వరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పెన్సిలు మందం తీసేయలేదా అప్పా?"

యువరాజ్ మొహం ఎర్రబడింది. "మంచానికి తీసినా. కుర్చీలకు తీసినా. ఉంగరానికి... సంతోషంలో మర్చిపోయినా." ఉంగరం కోసం చెయ్యి చాచాడు. "ఇట్లియ్యి, మార్పించుకొస్తా."

మునీశ్వరి ఇవ్వలేదు. గూట్లో ఉన్న ఎర్రదారం రీలు అందుకుని, ఉంగరానికి లోపలివైపు ఒక్కో చుట్టూ బిగించి చుట్టింది. పళ్లతో దారం తెంపింది. తొడుక్కుని చెయ్యి విదిలించి చూపించింది. ఉంగరం కదల్లేదు.

"నువ్వు ఎప్పుడూ పెద్దదే చేస్తావు," అంది. "పర్వాలేదు. సరిపెట్టేది నా పని."