వడ్రంగి కత్తిరించిన జుట్టు

ఆదివారం సాయంత్రం పాపను దింపడానికి వచ్చిన వడ్రంగిని పాప తల్లి గుమ్మంలోనే ఆపేసింది. పాప ముందరి జుట్టు ఒక పక్క కనుబొమ్మ దాకా ఉంటే, ఇంకో పక్క దాదాపు నడినెత్తి దాకా కత్తిరించి ఉంది. తను పార్లర్ నడుపుతోంది. సొంత కూతురు ఈ అవతారంలో వీధంతా ఊరేగి వచ్చిందంటే ఒళ్లు మండదా మరి?

ఎవరు చేశారిదని నిలదీస్తే, కళ్లలో పడుతోందని తనే కత్తిరించానన్నాడు. స్కేలు పెట్టి, నుదుటి మీద పెన్సిల్‌తో గీత గీసి మరీ కత్తిరించాడట. ఆ గీత ఇంకా కనిపిస్తూనే ఉంది.

“చెక్కయితే కదలదు. ఇది తల వంచింది,” అన్నాడు.

“ఏ కత్తెరతో?”

“నీదే. నువ్వు వదిలేసి వెళ్లింది.”

ఆమెకు కోపంలోనూ నవ్వొచ్చింది. పాప కడుపులో ఉండగా, ఎవరింట్లో ఉయ్యాల కట్టాలన్న దగ్గర ఇతనితో మొదలైన గొడవలో, పెళ్లి మాట పక్కన పెట్టి పుట్టింటికి వచ్చేసిన మనిషి తను. ఇద్దరికీ పట్టుదలే, ఒక్కరూ మెట్టు దిగలేదు.

వెనక నుంచి అన్నయ్య గొంతు పెంచాడు. “వచ్చే వారం నుంచి పాపను పంపకు. పెళ్లే కాలేదు, వీడికేం హక్కుంది?”

ప్రతిదానికీ ఏదో ఒకటి అనే వడ్రంగి ఈసారి పాప తల నిమిరి మెట్లు దిగిపోయాడు. అది చూసి ఆమె మనసు చివుక్కుమంది.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని పార్లర్‌కే వచ్చాడు. లాయర్ని అడిగాడట. పెళ్లి చేసుకుంటే తండ్రి హక్కు దానంతటదే వస్తుందట. “కాబట్టి చేసుకుందాం,” అన్నాడు. కుర్చీలో ఉన్నావిడ చటుక్కున డ్రయ్యర్ ఆపించి చెవులు రిక్కించింది.

“ఇంకో దారి లేదా?”

“నువ్వు కోర్టుకొచ్చి ఒప్పుకోవాలి. నువ్వెందుకు వస్తావులే.”

ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట ఇలా, బేరంలా వచ్చినందుకు ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. “పాప కోసం చేసుకునే పెళ్లి నాకక్కర్లేదు,” అని పంపేసింది.

కానీ తండ్రి హక్కు కోసం అతను కోర్టులో వేసిన అర్జీ వాయిదా రోజున పార్లర్ మూసి, పాపను చంకనేసుకుని బయల్దేరింది. అన్నయ్య అడ్డం నిలబడ్డాడు. హక్కు చేతికిస్తే రేపు పాపను లాక్కుపోతాడన్నాడు.

“లాక్కుపోయేవాడైతే ప్రతి ఆదివారం వేళకు తెచ్చి దింపడన్నయ్యా. దీనికి నాన్న ఉన్నాడు. ఆ మాట చెప్పడానికి నాకెవరి అనుమతీ అక్కర్లేదు.”

కోర్టులో జడ్జిగారు ఇతనే తండ్రా అని అడిగారు.

“ఈ జుట్టు చూడండి మేడమ్. కన్నతండ్రి కాకపోతే నా కూతురి తల మీద ఇంత ధైర్యం ఎవరు చేస్తారు?”

జడ్జిగారు నవ్వాపుకుని సంతకం చేశారు.

బయటికొచ్చాక ఆమె అతనికెదురుగా నిలబడింది. “ఇక పాప మీద నాకెంతో నీకూ అంతే. ఎవరూ ఆపలేరు. నన్ను పెళ్లి చేసుకోవాల్సిన పని లేదు. వెళ్లు.”

అతను కదల్లేదు. పాప అతని చొక్కా కాలరు పట్టుకుని వేలాడుతోంది.

“ఆ రోజు పార్లర్లో తప్పుగా అడిగాను,” అన్నాడు. “పాప ఉన్నా లేకపోయినా నువ్వు కావాలి నాకు. ఆ కత్తెర ఊరికే దాచుకున్నానా? ఇప్పుడడగనా?”

ఆమె కళ్లు తుడుచుకుంది. మెట్టు దిగింది తనే.

“అడగడమెందుకు? సాయంత్రం ఆ కత్తెర తీసుకుని ఇంటికి రా. మా అన్నయ్య ముందు నేనే అడుగుతాను.”