పాత వెర్షన్‌లో పేరు

హనుమాన్ జంక్షన్‌లో లారీలు ఆగే టీ కొట్టు ముందు ఏజెంట్ అబ్రహాము కుప్పకూలాడు. సైలెన్సర్ పిస్టల్. లారీ క్లీనర్ వేషంలో ఉన్న అతను ఎవరో అక్కడ ఒక్కరికీ తెలియదు. కాల్చినవాడికి మాత్రం తెలుసు.

విజయవాడ గవర్నర్‌పేటలో ఓ కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉంది సీక్రెట్ ఆఫీసు. చీఫ్ సత్యనారాయణ ఎదురుగా ఏజెంట్ మార్త నిలబడి ఉంది. అబ్రహాము ఆమె సొంత అన్న.

"మన ఏజెంట్లు ఎక్కడ, ఏ వేషంలో ఉన్నారో ఒక్కచోటే ఉంటుందమ్మా. క్లౌడ్‌లో, లేక్‌హౌస్ అనే మన డేటా నిల్వలో ఒక టేబుల్‌లో. దాన్ని ఎవరు చూశారో చెప్పే యాక్సెస్ లాగ్‌ని రాత్రి ఎవరో తుడిచేశారు. రుచితగారు కూడా వెతికారు."

రుచిత డేటా విభాగం హెడ్. ఆమె నడిచొస్తే ఆఫీసంతా తలతిప్పి చూస్తుంది.

"డిలీట్ చేస్తే కొత్త వెర్షన్ పడుద్దండీ. పాత ఫైళ్ళు స్టోరేజ్‌లోనే ఉంటాయి, వాటిని శాశ్వతంగా చెరిపేసే క్లీనప్ నడిచేదాకా," అంటూ మార్త లాప్‌టాప్ తెరిచింది.

క్లీనప్ అప్పటికే నడుస్తోంది. పాత ఫైళ్ళు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. మార్త లాగ్ నిన్నటి వెర్షన్ మీద క్వెరీ కొట్టింది. ఒకే ఒక్క వరుస వచ్చింది. బయటివాళ్ళకి టేబుల్ తెరిచే యాక్సెస్ కీ ఇచ్చిన యూజర్: రుచిత.

ఇవాళ్టి లాగ్‌లో ఆ కీ ఇంకా పనిచేస్తోంది, ఓ విదేశీ ముఠా చేతిలో. మాటిమాటికీ ఒకే ఏజెంట్ వివరాలు అడుగుతోంది. కిరీటి. మంగళగిరిలో చీరల దుకాణదారు వేషంలో ఉన్నాడు.

"కీ ఆపేద్దాం. రుచితని అరెస్ట్ చేద్దాం," అన్నాడు చీఫ్.

"షూటర్ ఆల్రెడీ బయల్దేరి ఉంటాడండీ. కిరీటి దగ్గర ఫోన్ లేదు. రుచితగారు ఇప్పుడెక్కడ?"

"నది ఒడ్డు రెస్టారెంట్‌లో. లంచ్‌కి."

"ఏం కట్టుకున్నారు?"

"ఊదారంగు పట్టుచీర. ఎందుకు?"

మార్త లాప్‌టాప్ వైపు తిరిగింది. టేబుల్‌లో కిరీటి వరుసని మార్చేసింది. చోటు: నది ఒడ్డు రెస్టారెంట్. వేషం: ఊదారంగు పట్టుచీర కట్టిన స్త్రీ.

రెస్టారెంట్‌లో వెయిట్రెస్ యూనిఫాంలో మార్త కాఫీ తెచ్చి పెట్టింది. రుచిత తలెత్తి, గుర్తుపట్టింది.

"లేవకండి. గేటు దగ్గర టోపీ పెట్టుకున్నాయన మీవాడే. మీరెవరో అతనికి తెలీదు. మన డేటా టేబుల్‌లో కిరీటి వేషం అని ఉన్నది మీ చీర."

రుచిత గేటు వైపు చూసింది. టోపీవాడు ఫోన్ చూసుకుని, ఆమె చీర చూసి, ఇటే నడవసాగాడు.

"మార్తా, అతన్ని ఆపు."

"మీ బాస్ ఎవరు?"

"చంపేస్తారు నన్ను."

"మా అన్నకి ఆలోచించుకునే టైమ్ కూడా ఇవ్వలేదు మీరు."

టోపీవాడి చెయ్యి జేబులోకి వెళ్ళింది. మార్త కదల్లేదు. ఆ క్షణంలో ఆమెకి నిజంగానే కదలాలనిపించలేదు.

"హర్షవర్ధన్," గొణిగింది రుచిత. "మచిలీపట్నంలో రొయ్యల ఎక్స్‌పోర్టర్. ముఠాకి ఇక్కడ బాస్ అతనే."

పిస్టల్ బయటికొచ్చింది. మార్త ట్రే అడుగునున్న, షాక్ కొట్టే స్టన్ గన్ టోపీవాడి మెడకి ఆనించింది. వాడు పక్కనున్న కుర్చీతో సహా కూలిపోయాడు.

సాయంత్రానికి హర్షవర్ధన్ దొరికాడు. కిరీటి క్షేమంగా ఆఫీసు చేరాడు.

జీపులో ఎక్కిస్తుంటే రుచిత అడిగింది. "నేను పేరు చెప్పకపోయుంటే?"

మార్త తలుపు వేసింది.

"మీకింకో కాఫీ తేవడానికి లోపలికెళ్ళేదాన్నండీ."