పైపు దించిందెవరు?

కంపెనీ పంపిన కొత్త కోళ్ళ డాక్టరు షెడ్డులోకి వస్తూనే ఒక కోడిని తిరగేసి అరికాళ్ళు చూశాడు.

"ఏమండీ, దాని జాతకం ఎలా ఉంది?" అంది ఫారం ఓనరు కూతురు. తండ్రికి మోకాలి ఆపరేషన్ అయినప్పటినుంచి షెడ్డు భారం ఆమెదే.

"బాగాలేదు. పుండ్లు మొదలయ్యాయి" అన్నాడతను. "నీళ్ళ పైపు మరీ కిందికుంది. కోడి మెడ చాపి తాగాలి. లేకపోతే నీళ్ళు ఒలికి కింద పరిచిన ఊక తడుస్తుంది. ఆ తడిలోనే నిలబడితే పాదాలు పాడవుతాయి."

హ్యాండిల్ తిప్పి పైపులన్నీ పైకెత్తి వెళ్ళాడు.

ఆమెకి మింగుడుపడలేదు. నీళ్ళందకపోతే బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే కంపెనీ కోడిపిల్లలివ్వడం మానేస్తుంది. పైగా ఇతని మేనమామకీ ఫారం ఉందట, ఇది దెబ్బతింటే లాభం ఆయనకే! బండి మలుపు తిరగగానే పైపులు దించేసింది. చివరి వరస హ్యాండిల్ మాత్రం బిగుసుకుపోయి కదల్లేదు, ఆ పైపు పైనే ఉండిపోయింది.

అతను మళ్ళీ మళ్ళీ వచ్చాడు. పైపులెత్తడం, నవ్వడం, వెళ్ళడం. వెనకే ఆమె దించడం.

"ఆ నవ్వు చూశావా నాన్నా? మనసులో ఏదో పెట్టుకునే వస్తున్నాడు."

"నాకూ అలాగే ఉందమ్మా" అన్నాడు తండ్రి, మీసం చాటున నవ్వుతూ.

ఒక మధ్యాహ్నం అతను బయల్దేరగానే వాన దంచికొట్టింది. తడిసి ముద్దయి వెనక్కొచ్చేసరికి హ్యాండిల్ మీద ఆమె చెయ్యి!

"మీరా! పైపు దానంతటదే జారుతోందనుకుని వచ్చినప్పుడల్లా బోల్టులు బిగించి చస్తున్నాను!"

"మిమ్మల్ని నమ్మమని ఎవరు చెప్పారు?"

అతను చివరి వరస నుంచి ఒక కోడిని తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. బరువుగా ఉంది. పాదాలు శుభ్రంగా ఉన్నాయి. తను పైపు దించిన వరసలో కోడిని ఎత్తి చూసింది. అరికాలు నల్లగా పుండై ఉంది.

ఆమె ఆ కోడిని ఒళ్ళోకి తీసుకుంది. "నా అనుమానమే వీటి కాళ్ళు తినేసింది."

"ఇంకా ముదరలేదు. పొడి ఊక ఉందా?"

ఇద్దరూ కలిసి తడి ఊక ఎత్తి, పొడిది పరిచారు. చెమట తుడుచుకుంటూ ఆమె అనుమానంగా చూసింది.

"కంపెనీ వారానికి ఒక్కసారేగా రమ్మనేది? మరి మిగతా రోజులు?"

"అదీ... ఊక..."

"ఊక సంగతి కాదు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీ కోసం."

"నిజమేనా?"

"నిజమేనే తల్లీ!" గుమ్మంలోంచి చేతికర్ర ఊపుతూ అన్నాడు తండ్రి. "బాబూ, ఆదివారం మీ అమ్మగారిని తీసుకురా."

ఆమె అప్పుడు నవ్వింది. "మీరు కోడిని చూసినట్టు ఆవిడని తిరగేసి చూడనుగానీ, తీసుకురండి."