రెండు చోట్లా అవే పెట్టెలు

మందు తయారుచేసేవాళ్లూ, మోసేవాళ్లూ, కొనేవాళ్లూ... ముగ్గురూ వినండి! ఒకడి స్క్రీన్ పచ్చగా వెలిగితే చాలు, రెండోవాడు పెట్టె మూత తీయడు. నమ్మకమా అది? ఒళ్లు బద్ధకం!

ఆ బద్ధకమే ఇప్పుడు ఒక ఆడపిల్లను కోల్డ్ రూమ్‌లోకి నెట్టింది.

ధన్!

తలుపు మూసుకుంది. పిచ్చుక అనే ఆ పిల్ల భుజంతో గుద్దుతుంది. కదలదు.

గోడౌన్‌లో స్కానింగ్ పని ఆమెది. ఇన్సులిన్ తెచ్చిన వ్యాన్‌లో కూలింగ్ చచ్చింది. మందు ఉడికిపోయింది. పెట్టెల్లో వేడి తగిలితే రంగు మారే స్టిక్కర్లు నల్లబడ్డాయి. ఆమె నిలదీసింది. మేనేజర్ కంప్యూటర్‌లో ఉష్ణోగ్రత మార్చేశాడు. అదే అంకె మందుల కంపెనీకీ, ఆస్పత్రికీ వెళ్లింది.

అందరికీ పచ్చ!

వ్యాన్ ఆస్పత్రికి బయల్దేరింది. అక్కడ పిల్లల వార్డు ఎదురుచూస్తోంది.

ఆమెను లోపలికి తోసేముందు మేనేజర్ ఫోన్ లాక్కున్నాడు. నడుముకున్న స్కానర్‌ను మరిచాడు.

దాంతో ఫోన్ చేయడం కుదరదు. ఏ పెట్టె ఎక్కడుందో మాత్రం అన్ని కంపెనీలకూ అది చెప్పగలదు.

వేళ్లు కొయ్యబారుతున్నాయి...

షెల్ఫుకు వేలాడుతూ ఆ పెట్టెల స్పేర్ బార్‌కోడ్ లేబుళ్లు!

బీప్. బీప్. బీప్.

సిస్టమ్ లెక్కలో పెట్టెలన్నీ ఇక్కడే ఉన్నాయి. ఆస్పత్రి గేటు దగ్గరా అవే పెట్టెలు! అక్కడ స్క్రీన్ ఎర్రబడాలి.

తలుపు తెరుచుకుంది. మేనేజర్. స్కానర్ ఊడబెరికాడు.

"నీ తెలివి తెల్లారింది, అమ్మాయ్. అన్నీ చెరిపేశా."

ఆమె తెరిచిన తలుపు వైపు జరిగింది.

అతని ఫోన్ మోగుతుంది. ఆస్పత్రి మందుల స్టోర్ నుంచి. అక్కడ పనిచేసేది పిచ్చుక బావ. ఎర్రబడింది మళ్లీ పచ్చగా ఎలా మారిందని అడుగుతున్నాడు. పిల్ల పొరపాటు చేసిందనీ, తిట్టి ఇంటికి పంపేశాననీ మేనేజర్ నవ్వుతూ చెబుతాడు.

బావ గొంతు ఫోన్‌లోంచి గదంతా మోగుతుంది. "నీ దగ్గర చెరిపావ్. నా దగ్గర ఉంది. మా మరదలి ఐడీ. మీ కోల్డ్ రూమ్. ఇప్పుడే చేసిన స్కాన్. ఇంటికెళ్లిన పిల్ల అక్కడేం చేస్తోంది?"

మేనేజర్ బయటికి దూకి తలుపు మూయబోతాడు. పిచ్చుక కాలు సందులో పెట్టింది. ఎముక నలిగింది. తీయలేదు.

"మూత తీసి చూశాం. పోలీసులకు చెప్పాం..." బావ గొంతు ఒక్కసారి తగ్గింది. "వ్యాన్‌లో సగం పెట్టెలే ఉన్నాయిరా!"

అంటే... దారిలో ఇంకో ఆస్పత్రి!

పిచ్చుక అతని కాలర్ పట్టుకుంది.

"మిగతావి ఎక్కడ దించారు? చెప్పు. సూది వెయ్యొద్దని ఫోన్ కొట్టు. నా ముందే. ఇప్పుడే!"