మూడో స్తంభానికి విత్తు వెయ్యని రోజు

మూడో స్తంభం అడుగు కవాటం తిప్పగానే సున్నపు ముత్యాలు జలజలా గరిటెలోకి దిగాయి. సైదమ్మ కొన్నింటిని అరచేతిలో వేసుకుని బొటనవేలితో రుద్ది చూసింది. తెల్లగా, గుండ్రంగా, జొన్నగింజంత ఉన్నాయి. పండాయి. ఇక వీటికి సున్నం పట్టదు. ఇవి బయటికి పోవాలి, వీటి చోట కొత్త విత్తు, అంటే చుట్టూ సున్నం పేరుకునే రవ్వ, పడాలి. లేకపోతే స్తంభంలో పైకి లేచే గట్టినీటికి తన సున్నం దించుకునే చోటు దొరకదు. ఆ సున్నమంతా ఊరి గొట్టాలకు పడుతుంది.

ఆమె మీట నొక్కింది. ముత్యాలు కాలువ వెంట జారి బయట లారీలో పడుతున్న చప్పుడు మొదలైంది.

శుద్ధికేంద్రంలో స్తంభాలు ఆరు. ఒక్కోదానికి ఒక్కో మనిషి. అందరూ ఆడవాళ్ళే, అందరూ దిగువ వార్డు వాళ్ళే. వాళ్ళు చేసిన మెత్తనీరు ఎగువ వార్డులకు పోతుంది. అక్కడ సబ్బు ముట్టుకుంటే చాలు, నురుగు. దిగువ వార్డుకు పాత బోరు నీళ్ళే గతి. సైదమ్మ ఇంట్లో కందిపప్పు రాత్రంతా నానబెట్టినా పలుకు విరగదు. తలంటుకుంటే జుట్టు కొబ్బరిపీచులా లేస్తుంది.

ఇసుక ఉన్న కాలంలో విత్తుకు ఇసుకే వేసేవారట. ఏరు ఎండి, ఇసుక కూడా మేడల్లోకి ఎక్కిపోయాక, శుద్ధికేంద్రం వాళ్ళు దిగువ వార్డుకు వచ్చి మీటింగు పెట్టారు. అస్థులు కలపడానికి మీకు ఏరు లేదు కదా, మాకివ్వండి, మీ వాళ్ళు ఎప్పటికీ నీళ్ళలోనే ఉంటారు, ముత్యాలయ్యాక గుట్ట అవతల స్మృతివనంలో పరిచి పేరుకో మొక్క నాటుతాం అన్నారు. జనం కళ్ళు తుడుచుకుని ఒప్పుకున్నారు. అస్థులను ఏడాది ఎండబెట్టి రవ్వ పట్టాక, ఆ సంచి పేరు కట్టుకుని స్తంభం దగ్గరికి వస్తుంది. ఆ స్తంభం మనిషి ఆ పేరు గట్టిగా పలికితేనే విత్తుద్వారం తెరుచుకుంటుంది. పోయినవాళ్ళకు అది మర్యాద అని చెప్పారు. సైదమ్మ ప్రతి పేరుకూ చేతులు జోడించేది.

ఈ రోజు సంచి మీద ఐలయ్య అని ఉంది. ఆమె పెనిమిటి.

"పేరు పలకండి," అంది స్తంభం.

సైదమ్మ నాలుగో స్తంభం వైపు తిరిగింది. "అండాలూ, నా బదులు నువ్వు చెప్పరాదే."

"నా గొంతుకు నీ స్తంభం తెరుసుకుంటదానే, పిచ్చిదానా?" అండాలు గరిటె పక్కన పెట్టింది. "ఇన్నేండ్లు కాపురం జేస్తివి. ఒక్కపారి పేరు జెప్పనీకి సిగ్గా?"

"మొగని పేరు నోట్లెకెల్లి వస్తలేదే."

"మరి బతికున్నప్పుడు ఏమని పిలుస్తుంటివి?"

"'ఇగో' అంటుంటి."

"అట్లయితే 'ఇగో' అను. ఆయన పలికిండు, ఈ డబ్బా పలకదా ఏంది!"

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగాక సైదమ్మ సంచిని స్తంభానికి ఆనించి పెట్టింది. నీళ్ళు తాగి వస్తానని బయటికి నడిచింది.

లారీ నిండుతోంది. నెల కిందట చేరిన డ్రైవరు జహంగీర్ బానెట్ మీద కూర్చుని గుడ్లు ఒలుచుకు తింటున్నాడు. ఆమెను చూసి ఒకటి అందించాడు.

"తిను అక్కా. ఫారమోళ్ళు ఇచ్చిండ్రు."

"ఏ ఫారం?"

"కోళ్ళ ఫారం. మన ముత్యాలు ఆడికే గదా పోయేది. ఇవి మేసిన కోళ్ళ గుడ్లకు పెంకు జూడు." ఇంకో గుడ్డుతో బానెట్ మీద టకటకా కొట్టాడు. "రాయి లెక్క!"

"స్మృతివనానికి పోవా?"

"అదేడుందక్కా? గుట్ట అవతలంత కోళ్ళ షెడ్లే."

గుడ్డు ఆమె చేతిలో వెచ్చగా ఉంది. ఈ నోటితో ఎన్ని పేర్లు పలికింది! పక్కింటి బాలమణి. బడి వాచ్‌మన్ ఎంకటి. నడక కూడా రాని అండాలు మనవరాలు. అందరినీ పేరు పెట్టి పిలిచి, చేతులు జోడించి, కోళ్ళ ముందు పోసింది. ఒళ్ళు భగ్గుమంది. ఐలయ్య ఆఖరి రోజుల్లో నడుము వంగిపోయి ఆకాశం చూడలేకపోయాడు. గట్టినీటిలోని ఫ్లోరైడు ఎముకల్లో పేరుకుందన్నారు డాక్టర్లు. ఆ ఎముకలనే రవ్వ పట్టారు.

తిరిగి వచ్చేసరికి షిఫ్టు అధికారి వంశీధర్ మూడో స్తంభం ముందు నిలబడి ఉన్నాడు.

"ఏంటమ్మా ఇది? నీళ్ళ కాఠిన్యం పెరిగిపోతోంది. విత్తు వెయ్యలేదేం?"

సైదమ్మ గుడ్డును అతని మొహం ముందు పెట్టింది. "ఇది ఎవలు సారూ?"

అతను గుడ్డునూ, తలుపు బయటి లారీనీ చూశాడు. గొంతు తగ్గించాడు. "చూడు, ముత్యంలో ఉండేదంతా సున్నమే. లోపల ఎముక ఆవగింజంత కూడా ఉండదు. ఊరికే పారబొయ్యడం ఎందుకు? అయినా మీ వార్డుది మేలురకం విత్తు, తెలుసా? గట్టినీరు తాగిన ఎముక కదా, బరువుగా..." అక్కడ నాలుక కరుచుకున్నాడు.

"అందుకేనా మా వార్డుకు మెత్తనీళ్ళు ఇయ్యంది?"

స్తంభం మళ్ళీ అడిగింది. "పేరు పలకండి."

వంశీధర్ చటుక్కున సంచి మీద చూసి అరిచాడు. "ఐలయ్య!"

"గొంతు సరిపోలలేదు," అంది స్తంభం.

అతని జేబులో ఫోను మోగింది. ఎగువ వార్డులో ఎవరి ఒంటి మీదో సబ్బు జిడ్డులా అంటుకుపోయింది. అది పెట్టేలోగా ఇంకొకటి మోగింది.

"సైదమ్మా, ఒక్క మాట! నీ మొగుడి పేరే కదా!"

"నా మొగని పేరు గనకనే చెప్ప." ఆమె సంచిని గుండెకు అదుముకుంది. "ఆయన ముందట్నే ఏనాడూ అనలే. నీ కోళ్ళ కోసం అంటనా? మీ ఇండ్లల్ల పోయినోళ్ళు లేరా? తెచ్చి పొయ్యుండ్రి. మీరే పిలుచుకోండ్రి!"

"ఉద్యోగం పోతుంది!"

"పోనీ. మావోళ్ళ బొక్కలకు సున్నం పట్టించే ఉద్యోగం."

అంతా విన్న అండాలు దగ్గరకు వచ్చింది. సైదమ్మ చేతిలోని గుడ్డును తీసుకుని తిప్పి చూసింది. దాన్ని వంశీధర్ బూట్ల ముందు నేలకేసి కొట్టింది. పెంకు గట్టిది, ఒక్క దెబ్బకు పగలలేదు. వంగి తీసి మళ్ళీ కొట్టింది. పగిలాక, తన స్తంభం దగ్గరున్న సంచిని చంకన పెట్టుకుంది. మిగతా స్తంభాల వైపు నుంచి ఒక గరిటె నేల మీద పడ్డ చప్పుడైంది. తరవాత ఇంకొకటి.

"పేరు పలకండి," అంది నాలుగో స్తంభం. "పేరు పలకండి," అంది ఐదోది. ఎవరూ పలకలేదు.

సైదమ్మ గేటు దాటి రోడ్డెక్కింది. ఎండ చురుక్కుమంటోంది. కొంగు తీసి సంచి మీద కప్పింది.

"ఐలయ్యా!" అంది, దారిన పోయేవాళ్ళు ఆగి వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా. "పా, ఇంటికి పోదాం."